ప్రాజెక్టు డైరీ: చెల్క, రేగడి కలిసిన అర ఎకరంలో సెప్టిక్ నీళ్లకు చోటు వెతకడం

స్థలం నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు. కింద అంతా గ్రానైటు. మొత్తం 20 గుంటలు, ఉత్తరం నుంచి దక్షిణానికి పొడవు 60 మీటర్లు, వెడల్పు 34. ఉత్తరం మెరక, దక్షిణం పల్లం. లెవల్ పైపు పెట్టి చూస్తే ఈ చివరికీ ఆ చివరికీ తేడా 1.6 మీటర్లు. ఇల్లు మెరక మీద ఈశాన్యం వైపు, బోరు దానికీ పైన మూలలో. దక్షిణం కంచె దాటాక పక్క రైతు వ్యవసాయ బావి ఉంది.

ఇంట్లో ఆరుగురు. వంటింటి నీళ్లు జిడ్డు పట్టే చిన్న తొట్టి గుండా అరటి పాదులకు పోతాయి. మరుగుదొడ్లు, స్నానాల గదుల నీళ్లు సెప్టిక్ ట్యాంకుకు. మనిషికి రోజుకు 80 లీటర్ల లెక్కన 480 లీటర్లు. ట్యాంకు కొలత తేలికగానే తేలింది. సెప్టిక్ ట్యాంకులకు భారత ప్రమాణమైన ఐఎస్ 2470 పట్టికలో 10 మందికి, రెండేళ్లకోసారి పూడిక తీసే లెక్కన, పొడవు 2 మీటర్లు, వెడల్పు 0.9, నీటి లోతు 1.4. ఆరుగురి ఇంటికి అది ధారాళం. చిక్కంతా ట్యాంకు దాటి బయటికొచ్చే నీళ్లతోనే.

మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు అని పిలిచే వాటిలో చాలావరకు అసలు ట్యాంకులు కావు. అడుగు వేయకుండా సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దింపిన గుంతలు. అందులో మలం, నీళ్లు కలిసే నేలలోకి దిగుతాయి. ట్యాంకు పని గట్టి పదార్థాన్ని అడుగున ఆపడం వరకే. దాన్నుంచి వచ్చే నీళ్లు తేరినట్టు కనిపిస్తాయి కానీ క్రిములు అందులోనే ఉంటాయి. ఆ నీటిని శుభ్రం చేసేది మట్టే. అందుకే ఏ మట్టి, ఎంత లోతున, ఎంత వేగంతో తాగుతుందో తెలియకుండా గుంత ఎక్కడ తవ్వాలో చెప్పలేం.

మేస్త్రీ ప్రతిపాదన: దక్షిణం పల్లంలో, కంచె మూలన, 3 అడుగుల వ్యాసంతో 10 రింగుల గుంత. నీళ్లు వాటంతట అవే పోతాయి, ఇంటికి దూరం కూడా. వాలు పరంగా తప్పు పట్టడానికి లేదు.

మే 26. నేల చూడటం

మూడు చోట్లు గుర్తు పెట్టాం. ‘అ’: మేస్త్రీ చెప్పిన పల్లం మూల. ‘ఆ’: స్థలం నడుమ. ‘ఇ’: ఇంటికి పడమర, దాదాపు ఇంటి మట్టంలోనే.

ఒక్కో చోట జేసీబీతో 2 మీటర్ల లోతు గుంత తీయించాం. ఇవి మట్టి పొరలు చూడటానికే. ఇంకుడు పరీక్ష, అంటే నీళ్లు నేలలోకి ఎంత వేగంగా దిగుతాయో కొలవడం, వీటిలో చేయకూడదు. 2 మీటర్ల గుంతలోకి ఎవరూ దిగలేదు. రేగడి గోడ ఎండాకాలంలో పలకలు పలకలుగా విడిపోయి మీద పడుతుంది. బకెట్‌లో పైకొచ్చిన మట్టిని లోతు వారీగా కుప్పలు పోయించి చూశాం.

‘ఇ’ దగ్గర పైన 40 సెం.మీ. ఎర్ర చెల్క, చేతిలో ఇసుక గరగరలాడుతుంది. దాని కింద 110 సెం.మీ. దాకా ఎర్రటి మట్టి, కొంచెం జిగటగా. ఆ తర్వాత మొరం, అంటే సగం కుళ్లిన గ్రానైటు. 2 మీటర్ల దాకా తడి లేదు, మచ్చలు లేవు.

‘ఆ’ దగ్గర పైపొర అదే ఎరుపు కానీ 50 సెం.మీ. నుంచి బంక పెరిగింది. 150 సెం.మీ. దగ్గర అక్కడక్కడా తుప్పు రంగు మచ్చలు.

‘అ’ దగ్గర పై నుంచి కింది దాకా నల్లరేగడి. 80 సెం.మీ. నుంచి తెల్లటి సున్నపు గడ్డలు. 120 కింద బూడిద రంగు మట్టిలో తుప్పు మచ్చలు. ఈ మచ్చల్ని తేలిగ్గా తీసుకోకూడదు. మట్టిలో ఇనుము గాలి తగిలితే ఎర్రబడుతుంది, నెలల తరబడి నీళ్లలో నానితే ఆ ఎరుపు పోయి బూడిదగా మారుతుంది. రెండు రంగులూ కలిసి కనిపిస్తే ఆ లోతు వరకు ఏటా నీళ్లు లేస్తున్నాయని అర్థం. మే నెలలో గుంత పొడిగా ఉన్నా ఆ గుర్తు చెరగదు.

ఒకే వాలు మీద పైన ఎర్రనేల, కింద నల్లనేల ఉండటం ఈ గ్రానైటు ప్రాంతాల్లో మామూలే. వానలకు పైనుంచి కొట్టుకొచ్చిన సన్న మట్టీ, సున్నమూ పల్లంలో చేరి అక్కడ రేగడి కడుతుంది. అంటే నీళ్లు వాటంగా పారే చోటే నీళ్లు ఇంకని మట్టి ఉంటుంది. ఇంటి వాలు చూసి పల్లంలో గుంత పెట్టే అలవాటు ఇలాంటి నేలల్లో దెబ్బ తీసేది ఇందుకే.

చేతి పరీక్ష కూడా చేశాం. గుప్పెడు మట్టి తడిపి, పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయాలి. తెగే లోపు ఎంత పొడవొస్తే అంత బంక. ‘ఇ’ మట్టి 60 సెం.మీ. లోతుది 2 సెం.మీ. దగ్గర తెగింది. ‘ఆ’ 3.5. ‘అ’ 7 దాటింది. మొత్తమ్మీద 2.5 లోపు తెగితే నీళ్లు పారే మట్టి, 5 దాటితే బంకమట్టి.

గాజు సీసాలో సగం మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి కుదిపి పెట్టాం. ఇసుక నిమిషంలో అడుగు చేరుతుంది, ఒండ్రు రెండు గంటలు తీసుకుంటుంది, బంక మరునాటికి గానీ తేరదు. ‘అ’ సీసా మూడో రోజుకు కూడా మబ్బుగానే ఉంది. ఈ రెండు పరీక్షలకూ ఖర్చు లేదు. ఇంకుడు పరీక్షకు చోటు ఎంచుకోవడానికి పనికొస్తాయి కానీ దాని బదులు పనికిరావు.

మే 27. పరీక్ష గుంతలు, మొదటి తడుపు

లోతు ముందే తేల్చుకోవాలి. నీళ్లు చివరికి ఏ లోతున నేలలోకి దిగుతాయో ఆ లోతున్నే పరీక్ష జరగాలి. పైపొరలో చేసిన పరీక్షకు విలువ లేదు. ఇంటి గొట్టం నేల కింద 35 సెం.మీ. దగ్గర బయటికొస్తుంది. వాలులు, ట్యాంకు లోపలి దిగుడు అన్నీ కలిపితే ‘ఇ’ దగ్గర ఇంకుడు కాలువ (కంకర పోసి, రంధ్రాల గొట్టం పెట్టే పొడవాటి తవ్వకం) వేస్తే దాని అడుగు 60 సెం.మీ. లోతుకు వస్తుంది. అందుకే పరీక్ష గుంతల అడుగు కూడా 60.

చేసిన తీరు ఇది. ముందు చేయి ఆడేంత వెడల్పుగా, 25 సెం.మీ. లోతు గడ్డపారతో తవ్వడం. దాని అడుగున చేతి ఆగర్‌తో (తిప్పుతూ నేలకు రంధ్రం చేసే పనిముట్టు) 100 మి.మీ. వ్యాసం, 35 సెం.మీ. లోతు రంధ్రం, గోడలు నిట్టనిలువుగా. ఆగర్ తిరిగేటప్పుడు బంకమట్టి గోడలు కుండ మెరుగు పెట్టినట్టు నునుపెక్కుతాయి. ఆ నునుపు మీద నీళ్లు జారతాయే తప్ప ఇంకవు. కర్రకు నాలుగు మేకులు కొట్టి గోడలు, అడుగు గీకాం. రాలిన మట్టి చేత్తో తీసేసి, అడుగున 5 సెం.మీ. కడిగిన దొడ్డు ఇసుక పోశాం. ఇది లేకపోతే పోసిన నీటి ధాటికి అడుగు చెదిరి, సన్న మట్టి లేచి, మళ్లీ పేరుకుని రంధ్రాలు మూసేస్తుంది. కడగని ఇసుక వేసినా అంతే.

నీళ్లు తేటవి కావాలి. చెరువు నీళ్లు, కాలువ నీళ్లు వద్దు. వాటిలోని ఒండ్రు రెండు గంటల్లో గుంతకు పూత పూస్తుంది. చౌడు బోరు నీళ్లు మరో రకం ప్రమాదం. అందులోని సోడియం బంకమట్టిని చెదరగొడుతుంది, ఇంకే వేగం తగ్గిపోతుంది. ఇక్కడి బోరు నీళ్లే రేపు ఇంట్లో వాడేవి కాబట్టి వాటితోనే చేశాం. తాగడానికి కొనే శుద్ధి నీళ్లతో పరీక్ష చేస్తే ఫలితం వాడకానికి సరిపోలదు.

చెంబుతో గోడ వెంబడి మెల్లగా పోస్తూ ఇసుక మీద 300 మి.మీ. నింపాం.

‘అ’ గుంతలో 300 మి.మీ. నీళ్లు 22 నిమిషాల్లో ఖాళీ. మళ్లీ నింపితే 30 నిమిషాల్లో ఖాళీ. మేస్త్రీ అన్నాడు: ‘‘చూసిన్రా సార్, మస్తు గుంజుతుంది. ఇగ పరీక్షలెందుకు, రింగులు దింపుదాం.’’

రోహిణి కార్తెలో రేగడి చేసే మోసం ఇదే. అక్కడ పగుళ్లలో నిలువు కర్ర మూరెడు దిగింది. నీళ్లు ఇంకలేదు, పగుళ్లలోకి జారాయి. రేగడిలోని మాంట్‌మోరిలోనైట్ బంక నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఉబ్బడం నిమిషాల్లో పూర్తయ్యేది కాదు, గంటలు పడుతుంది. అందుకే కనీసం 4 గంటలు నీటి మట్టం తగ్గకుండా పోస్తూ ఉండాలి, ఎండాకాలమైతే రాత్రంతా నానాలి, కొలత మొదటి నింపుడు తర్వాత 24 గంటలకు తీయాలి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే మిగతా పరీక్ష ఎంత జాగ్రత్తగా చేసినా దండగే.

‘అ’ గుంత 4 గంటల్లో చెంబుల కొద్దీ నీళ్లు తాగింది. అదే కొలత గుంత ఒకసారి నిండాలంటే పట్టేది 2.4 లీటర్లే. సాయంత్రానికి వేగం పడిపోవడం కంటికే తెలిసింది. మూడు గుంతలూ నిండుగా నింపి, పెంకులు కప్పి, చుట్టూ ముళ్లకంప వేశాం. మేకలు కాలు పెడితే గోడ విరిగి పరీక్ష మొదటికొస్తుంది.

మే 28. కొలతలు

గుంత మీద అడ్డంగా చదునైన చెక్క వేసి, అది కదలకుండా రెండు పక్కలా మేకులు దిగ్గొట్టాం. కొలత ఎప్పుడూ ఆ చెక్క నుంచే. నీటిలో చిన్న థర్మకోల్ ముక్కకు సన్న పుల్ల గుచ్చి తేలేస్తే పుల్ల మీది గీత చెక్క అంచు దగ్గర చదవొచ్చు. టేపు నేరుగా నీళ్లలో ముంచి చదివితే 3, 4 మి.మీ. తప్పు మామూలుగా వస్తుంది. నెమ్మదిగా ఇంకే గుంతలో ఆ తప్పే కొలతను మింగేస్తుంది.

ఉదయానికి ‘ఆ’, ‘ఇ’ ఖాళీ. ఇసుక మీద 150 మి.మీ. నింపి, అరగంటకోసారి తగ్గుదల రాసి, మళ్లీ 150కి నింపుతూ 4 గంటలు.

‘ఇ’ తగ్గుదల, మి.మీ.లలో: 62, 55, 51, 48, 47, 46, 45, 45.
‘ఆ’: 38, 33, 29, 27, 26, 25, 25, 25.

లెక్కలోకి వచ్చేది చివరి అరగంట మాత్రమే. సగటు తీయకూడదు. 25 మి.మీ. తగ్గడానికి ఎన్ని నిమిషాలో చెప్పడం పద్ధతి. ‘ఇ’: 30ని 25తో గుణించి 45తో భాగిస్తే 16.7 నిమిషాలు. ‘ఆ’: సరిగ్గా 30. ‘ఇ’లో మొదటి అరగంటనే నమ్మి ఉంటే 12 నిమిషాలని రాసేవాళ్లం.

‘అ’లో రాత్రి నింపిన నీళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు మట్టాన్ని 150కి సరిచేసి ఒక్క అరగంట చూస్తే చాలు. తగ్గింది 7 మి.మీ. అంటే 107 నిమిషాలు. నిన్న 22 నిమిషాల్లో గుంతెడు నీళ్లు మింగిన చోటు ఇదే.

ఇసుక నేలల వాళ్లకు ఒక మాట. రాత్రి నానాక కూడా 150 మి.మీ. నీళ్లు అరగంటలోపే అయిపోతుంటే 10 నిమిషాలకోసారి చదువుతూ గంటసేపు చేసి, చివరి 10 నిమిషాల తగ్గుదల తీసుకోవాలి. తీరంలోని ఇసుక భూముల్లో ఇది పనికొస్తుంది. అయితే అక్కడ అసలు సమస్య వేగం కాదు, నీళ్లు సరిగా వడపోత కాకుండానే కింది మట్టాన్ని చేరడం.

మే 29. లెక్క

ఐఎస్ 2470 రెండో భాగం పద్ధతిలో, వచ్చిన నిమిషాల వర్గమూలంతో 204ను భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు ఎన్ని లీటర్లు పంపొచ్చో వస్తుంది. 1 నిమిషానికి 204, 5కు 90, 10కి 65, 30కి 37, 60కి 26 లీటర్లు. 30 నిమిషాలు దాటితే ఇంకుడు గుంత పనికిరాదు, కాలువలే వేయాలి. 60 దాటితే నేలలోకి పంపే ఆలోచనే మానుకోవాలి.

‘ఇ’: 50 లీటర్లు. ‘ఆ’: 37, అదీ గీత మీద. ‘అ’: లెక్కకే రాదు.

చాలామంది ఇక్కడ తడబడతారు. ‘ఇ’ గుంతలో గంటకు 90 మి.మీ. ఇంకింది. రోజంతా అదే వేగమనుకుంటే చదరపు మీటరుకు 2,160 లీటర్లు. పట్టిక మాత్రం 50 చాలంటుంది, నలభయ్యో వంతు కూడా లేదు. పరీక్షలో పోసింది తేట నీళ్లు. ట్యాంకు నీళ్లు నెలల తరబడి పారాక మట్టి ముఖం మీద నల్లటి జిగురు పొర కడుతుంది, సూక్ష్మజీవులూ వాటి ఆహారమూ కలిసిన పొర. ఆ తర్వాత వేగాన్ని నిర్ణయించేది ఆ పొరే. పరీక్ష గుంతలో అడుగుతో పాటు పక్క గోడలు కూడా తాగుతాయన్నది మరో కారణం. ఈ పరీక్షను 1920లలో న్యూయార్క్‌లో రూపొందించిన ఇంజనీరు హెన్రీ రయన్ కూడా నేల వేగాన్ని సూత్రంతో లెక్కగట్టి ఊరుకోలేదు. వాడకంలో ఉన్న, చెడిపోయిన కాలువల దగ్గర పరీక్షలు చేసి వాటితో పోల్చాడు. కాబట్టి ‘నీళ్లు ఇంత బాగా ఇంకుతుంటే ఇంత చోటెందుకు’ అని వైశాల్యం తగ్గించడం కుదరదు.

మేస్త్రీ రింగుల గుంతకూ లెక్క కట్టి చూశాం. 3 అడుగుల వ్యాసం, 10 అడుగుల లోతు. గొట్టం చేరే చోటి నుంచి కింది గోడ వైశాల్యం 7.7 చదరపు మీటర్లు. గుంత విషయంలో అడుగు లెక్కకు రాదు, గోడే. ‘ఇ’ దగ్గరి 50 లీటర్ల వేగం ఆ లోతున కూడా ఉందనుకున్నా 385 లీటర్లు, కావలసింది 480. పైగా ‘ఇ’ దగ్గర 110 సెం.మీ. కిందంతా మొరం. గ్రానైటు మొరంలో నీళ్లు బాగానే పోతాయి, కానీ వడపోత లేకుండా నెర్రెల వెంట పోతాయి. బోరు తాగేదీ ఆ నెర్రెల్లోంచే.

ప్రమాణం అడిగే దూరాలు: తాగునీటి బావికీ బోరుకీ 18 మీటర్లు, నివాస గదికి 6 మీటర్లు. ‘ఇ’ నుంచి బోరుకు 22, ఇంటికి 8. బోరు వాలుకు ఎగువన ఉండటం కలిసొచ్చింది. అయినా రాతి నేలలో 18 మీటర్లన్నది కాగితం మీది భరోసా. మోటారు ఆడేటప్పుడు బోరు నీటిని అన్ని వైపుల నుంచీ లాగుతుంది. నీళ్లు పై 60 సెం.మీ. మట్టిలో వదిలితే మొరం చేరేలోపు మరో అర మీటరు ఎర్రమట్టి దాటాలి. ఆ అర మీటరే కావాలి. గుంత కాదు, కాలువలు.

ఇక్కడే కొలత ఆపేయలేదు. మే నెల ఫలితాన్ని బట్టి కట్టిన కాలువ ఆగస్టులో పొంగిన ఉదాహరణలు కొల్లలు.

ఆగస్టు 24. మఖ కార్తెలో మళ్లీ

వారం రోజులు బాగా కురిసి, రెండు రోజులు తెరిపిచ్చాక వెళ్లాం. వాన పడుతుండగా కొలిస్తే గుంతలోకి పైనీళ్లు చేరతాయి. పాత గుంతలు వాడలేదు. పక్కనే కొత్తవి, అదే లోతు, అదే గీకుడు, అదే నానబెట్టడం.

మేలో తీయించి, కంచె వేసి ఉంచిన ‘అ’ పొరల గుంతలో 110 సెం.మీ. దగ్గర నీళ్లు నిలిచి ఉన్నాయి. తుప్పు మచ్చలు చెప్పిన లోతుకు ఇంచుమించు దగ్గరే. 1.8 మీటర్ల లోపు నీటి మట్టం ఉంటే, మట్టి బాగున్నా సరే, కాలువను నేల మట్టానికి పైన దిబ్బలా కట్టాలి. మట్టి కూడా బాగా లేకపోతే ఆ చోటు మీద ఆశ వదులుకోవాలి. ‘ఇ’ గుంత అడుగు తడిగా ఉంది, నీళ్లు లేవు.

చివరి అరగంట తగ్గుదల: ‘ఇ’ 38 మి.మీ., ‘ఆ’ 18, ‘అ’ 4. నిమిషాల్లో 19.7, 41.7, 187.

‘ఇ’ కొంచెమే మారింది. ‘ఆ’ గీత దాటింది. మే లెక్కతో అక్కడ ఇంకుడు గుంత కట్టి ఉంటే మొదటి వానాకాలంలోనే ట్యాంకు వెనక్కి తన్నేది. ఒక్క వేగాన్నే చూస్తే అక్కడ కాలువలు మాత్రం వేయొచ్చు, చదరపు మీటరుకు 31 లీటర్ల చొప్పున 15 చదరపు మీటర్లు దాటుతాయి. ‘ఇ’ అయితే 46 లీటర్లు, 10.4 చదరపు మీటర్లు. ‘ఇ’ ఖాయం.

వెంటనే తవ్వలేదు. తడి మట్టిలో జేసీబీ బకెట్ గోడల్ని, అడుగునీ పేడతో అలికినట్టు నున్నగా చేస్తుంది. పిడికెడు మట్టిని అరచేతుల మధ్య దారంలా పేనితే, చేతిలో పొడి కావాలి. దారం నిలబడినంత కాలం తవ్వకం వద్దు. ఈలోపు ‘ఇ’ చుట్టూ తాళ్లు కట్టి ట్రాక్టరు, ఇటుకల లారీ తిరగకుండా చూశాం. ఒక్క లారీ చక్రం పరీక్ష ఫలితాన్ని మార్చేస్తుంది. ఇల్లు కట్టే చోట ఇది ఎక్కువగా జరిగే తప్పు. ఇసుక, కంకర దించడానికి ఖాళీగా కనిపించే చోటు అదే మరి.

అక్టోబరు రెండో వారం. కాలువలు

రెండు కాలువలు, ఒక్కోటి 9 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 60 లోతు. మొత్తం అడుగు వైశాల్యం 10.8 చదరపు మీటర్లు. కాలువలో అడుగు మాత్రమే లెక్కకు వస్తుంది. రెండింటి మధ్య 2 మీటర్లు. వాలుకు అడ్డంగా, తూర్పు పడమరలుగా. వాలు వెంబడి తవ్వితే నీళ్లన్నీ కింది చివర చేరి అక్కడే పొంగుతాయి. వీటికి దక్షిణంగా అంతే చోటు ఖాళీగా వదిలి హద్దురాళ్లు వేశాం. పదేళ్ల తర్వాత ఇవి మూసుకుపోతే కొత్తవి తవ్వడానికి.

పని మనుషులతోనే. అడుగు లెవల్ పైపుతో సరిచూసి, తర్వాత పంటి పారతో 2 సెం.మీ. లోతు గీకి, ఆ గీకిన అడుగు తొక్కకుండా పలక మీద నిలబడి కంకర పోయడం. 40 మి.మీ. కంకర, కడిగినది, గొట్టం కింద 25 సెం.మీ., గొట్టం మీద 5. లెక్కకు 150 ఘనపుటడుగులు, తెప్పించింది 160. ట్రిప్పుల్లో బేరమాడొద్దు, ట్రాలీ కొలత ఊరూరికీ మారుతుంది. కడగని క్రషర్ కంకరతో వచ్చే బూడిద మొదటి నీళ్లతోనే కాలువ అడుగు చేరి ఇన్నాళ్ల పరీక్షనూ పాడుచేస్తుంది. కడిగిన నీళ్లు కాలువలోకి పోకుండా దూరంగా కడిగించాలి.

110 మి.మీ. పీవీసీ గొట్టానికి కింది వైపు రెండు వరసల్లో 12 మి.మీ. రంధ్రాలు, 10 సెం.మీ.కు ఒకటి. నిట్టనిలువుగా అడుగున కాకుండా రెండు పక్కలకు కొంచెం ఓరగా వేస్తే అడుగున పేరుకునే మడ్డి రంధ్రాన్ని మూయదు. గొట్టం దాదాపు మట్టంగానే ఉండాలి, 9 మీటర్లకు 2 సెం.మీ. వాలు. ఎక్కువైతే చివరనే నీళ్లు దిగుతాయి. కంకర మీద వాడిన యూరియా సంచులు పరిచే అలవాటు ఉంది. ప్లాస్టిక్ అల్లిక గాలిని ఆపుతుంది, నీటి ఆవిరినీ ఆపుతుంది. దాని బదులు వరిగడ్డి 5 సెం.మీ. పరిచి మట్టి కప్పాం. గడ్డి కుళ్లేలోపు మట్టి సర్దుకుంటుంది. కుంగుతుందని నేల మట్టం కంటే 10 సెం.మీ. ఎత్తుగా పోశాం, లేకపోతే వాననీళ్లు అందులోనే నిలుస్తాయి. పై నుంచి వచ్చే వాననీరు పక్కకు మళ్లేలా ఎగువన చిన్న గట్టు.

రెండు కాలువలకూ నీళ్లు పంచే పెట్టె దగ్గరే సగం రోజు పట్టింది. రెండు గొట్టాల నోళ్లు ఒకే మట్టంలో లేకపోతే ఒక కాలువ మునుగుతుంది, రెండోది ఎండుతుంది. సిమెంటు ఆరకముందే పెట్టెలో నీళ్లు పోసి రెండు నోళ్లూ ఒకేసారి పారేదాకా సరిచేయాలి. సిమెంటు బిగుసుకున్నాక 3 మి.మీ. తేడాను కూడా మార్చలేం.

ఒక్కో కాలువ చివర అడుగుదాకా దిగే 50 మి.మీ. గొట్టం నిలబెట్టి మూత పెట్టాం. అందులో పుల్ల దించితే కాలువలో ఎంత నీళ్లున్నాయో తెలుస్తుంది. ట్యాంకు నుంచి 480 లీటర్లు ఒకేసారి వదిలి చూశాం. గంట తర్వాత చూస్తే 5 సెం.మీ. నీళ్లు, మరునాటి ఉదయానికి రెండూ పొడి. ఇది కొత్త మట్టి మాట. జిగురు పొర కట్టాక మళ్లీ చూడాలి.

సంక్రాంతికి ఈ ఇంట్లో 15 మంది దిగుతారు. 80 లీటర్ల లెక్కన 1,200 లీటర్లు. కాలువలు రోజుకు తాగేది 497, కంకర సందుల్లో గొట్టం కింద పట్టేది మరో వెయ్యి లీటర్లకు కాస్త పైన. రెండో రోజే నిండిపోతుంది. అందుకని స్నానాల గదుల గొట్టం మీద, ట్యాంకుకు ముందే, తిప్పుడు వాల్వు ఒకటి పెట్టి రెండో దారి మామిడి పాదులకు వదిలాం. పండగ మూడు రోజులూ అది పాదుల వైపు ఉండాలి, కనుమ మరునాడు పుల్ల దించి చూసి 10 సెం.మీ. లోపుంటే మళ్లీ ట్యాంకు వైపు తిప్పాలి. వాల్వు పక్కన గోడ మీద పెయింటుతో బాణాలు గీసి, ఏది ఎటో రాసిపెట్టాం.